అచ్యుతాపురం రోడ్డును నిమిషాలతో కొలవాలి

(మా విలేఖరి)

అచ్యుతాపురం: అనకాపల్లి – అచ్యుతాపురం రోడ్డు నిడివి సుమారు 14 కిలోమీటర్లే. ఒకప్పుడు మునగపాక వైపు రైతుల బెల్లం ఈ దారినే అనకాపల్లి మార్కెట్టుకు చేరేది. నేడు ప్రత్యేక ఆర్థిక మండలి లారీలు, రసాయనాల ట్యాంకర్లు, బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమకు వెళ్లే వేలాది మహిళల బస్సులు, ఆటోలు అన్నీ దీని మీదనే.

విశాఖ – చెన్నై పారిశ్రామిక కారిడార్ కార్యక్రమం కింద, ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో దీనిని నాలుగు వరుసల రోడ్డుగా విస్తరించడానికి ప్రభుత్వం పూనుకుంది. సరుకు త్వరగా కదలాలన్నది ఉద్దేశం. మంచిదే. అయితే ఈ రోడ్డుకు మరో బాధ్యత కూడా ఉంది.

2022 జూన్ 3న, మళ్లీ ఆగస్టు 2న ఇక్కడ విషవాయువు వ్యాపించి వందలాది మహిళా కార్మికులు అస్వస్థులయ్యారు. 2024 ఆగస్టు 21న ఒక మందుల కర్మాగారంలో పేలుడు సంభవించి 17 మంది మరణించారు. క్షతగాత్రులను అనకాపల్లికి, విశాఖకు తరలించవలసి వచ్చింది.

అంబులెన్సు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో సాగితే అనకాపల్లికి 21 నిమిషాలు. షిఫ్టు మారే వేళ రద్దీలో ఆ వేగం 20కి పడిపోతే 42 నిమిషాలు. అక్కడి నుంచి విశాఖ కె.జి. ఆస్పత్రికి మరో 30 కిలోమీటర్ల పైమాటే. ఒళ్లు కాలిన మనిషికి ఈ తేడా ప్రాణంతో సమానం.

రోడ్డు వెడల్పయినంత మాత్రాన ఈ సమస్య తీరదు. లారీలు అంచున బారులు తీరితే నాలుగు వరుసలు రెండవుతాయి. మునగపాక వంటి గ్రామాల్లో రోడ్డును ఆనుకొని ఉన్న ఇళ్లు, దుకాణాల వారికి పరిహారం ముందే చెల్లించకపోతే పని నిలిచిపోతుంది. నిలిచిన పని ఉన్న దారిని కూడా ఇరుకు చేస్తుంది.

కనుక లారీలకు వేరే స్థలం చూపాలి. కర్మాగారాల షిఫ్టులు ఒకేసారి మారకుండా వేళలు సర్దాలి. కాలిన గాయాలకు, విషవాయువు బాధితులకు రాత్రింబవళ్లు తొలి చికిత్స అచ్యుతాపురంలోనే అందాలి. రోడ్డు మీద ఎన్ని టన్నుల సరుకు పోతుందో లెక్క కట్టే అధికారులు, ఎన్ని నిమిషాల్లో మనిషి ఆస్పత్రి చేరుతాడో కూడా లెక్క కట్టడం అవసరం.