గొలుసు విప్పిన కుక్కకు పూచీ ఎవరు?

(గ్రామీణ విలేఖరి)

నిజామాబాద్: పట్నంలో బతుకుతెరువు వెతుక్కోవడానికి వెళ్ళిన మనిషి లేని ఊరు మన జిల్లాలో అరుదు. గల్ఫు దేశాలకు పోయినవారు పోగా, మరికొందరు హైదరాబాదులో కాపలాదారులుగా, ఇళ్ళలో పనివారుగా, మోటారు సైకిళ్ళ మీద పొట్లాలు అందించే కుర్రవాళ్ళుగా కుదురుకున్నారు. వీరికి పని దొరికేది ఎక్కువగా అపార్టుమెంట్లలో. అక్కడ కొన్నేళ్ళుగా ఒక తగాదా నడుస్తున్నది. ఫ్లాట్లవారందరికీ ఉమ్మడిగా ఉన్న తోటలో పెంపుడు కుక్కను గొలుసు విప్పి వదలవచ్చునా, కూడదా అన్నదే ఆ తగాదా.

పట్నంవారి కుక్కల గొడవ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. ఆ తోటలో ఆడే పిల్లల్లో, ఆ గేటు దాటి లోపలికి పోయే కుర్రవాళ్ళలో మన ఊళ్ళవారు ఉన్నారు కాబట్టి రాయవలసి వస్తున్నది.

ఈ మధ్య కూకట్‌పల్లి వైపు మా ఊరి పెద్దమనిషి ఒకరు కాపలా ఉంటున్న అపార్టుమెంటుకు వెళ్ళాను. అయిదంతస్తుల మేడ. ముందు నాలుగు గుంటల జాగాలో పచ్చిక పెంచారు. ఒక మూల ఉయ్యాల, జారుడుబల్ల. కింద బండ్లు నిలిపే చోట ఒక గదిలో ఆయన, ఆయన భార్య, ఆరేళ్ళ మనవడు ఉంటారు. ఉదయం ఆరున్నరకు పై అంతస్తు నుంచి ఒకాయన దూడంత కుక్కను లిఫ్టులో దింపుకొని వచ్చి, తోట గేటు మూసి, గొలుసు విప్పాడు. అది చేసిన పరుగు చూడముచ్చటగానే ఉన్నది. రాత్రంతా గదిలో పడి ఉన్న జీవి గదా. అంతలో ఉయ్యాల దగ్గరి పిల్లవాడు దాన్ని చూసి కేక పెట్టి పరుగందుకున్నాడు. కుక్క వెంటపడింది. యజమాని దూరం నుంచే "ఏమీ అనదు, ఆడుకుంటుందంతే" అన్నాడు. నిజానికి అది ఏమీ అనలేదు. పిల్లవాడు బోర్లా పడి మోకాలు చెక్కుకుపోయింది, అంతే. తాత పోయి పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చాడు గాని, ఆయనతో ఒక్క మాట అనలేదు. గదిలోకి వచ్చాక నాతో అన్నాడు: "అది ఏమనదని ఆయనకు ఎరుకే తమ్మీ. మా పోరగానికి ఎట్ల ఎరుక?"

ఈ తగాదా అంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

పల్లెలో కుక్కలను కట్టేసేవారు తక్కువ. అయినా మన దగ్గర దానికొక పద్ధతి ఉన్నది. ఏ కుక్క ఎవరిదో, ఏది మీదికి వస్తుందో, ఏది మొరిగి ఊరుకుంటుందో ఊరందరికీ తెలుసు. కొత్తవాడు వాకిటికి వస్తే బయటే నిలబడి "కుక్క ఉన్నదా?" అని కేకేస్తాడు. ఇంటివారు వచ్చి కుక్కను అదిలించిన తరువాతే అడుగు లోపల పెడతాడు. గొర్లమంద కాసే కుక్క దగ్గరికి తెలిసినవాడు కూడా పోడు. అపార్టుమెంటులో ఈ ఎరుక లేదు. నలభై ఇళ్ళవారు ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఏళ్ళ తరబడి ఉంటారు. కూరగాయల వాడు, పాలవాడు, పనిమనిషి, పొట్లాల కుర్రవాడు రోజుకొకరు కొత్తగా వస్తారు. అటువంటి చోట కుక్క స్వభావం తెలిసినవాడు యజమాని ఒక్కడే. తనకు తెలిసినది అందరికీ తెలిసినట్టు ఆయన నడుచుకోవడంతోనే చిక్కు వస్తున్నది.

మరొక సంగతి మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. పైరు వరుసల మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దు ఎంత సాధువైనా మూతికి చిక్కం కడతాము. ఎద్దు మీద కోపంతో కట్టము. పరుల చేలో పడిన బర్రెను బందెలదొడ్డికి తోలితే యజమాని జుర్మానా కట్టి విడిపించుకునేవాడు. "మా బర్రె మంచిది" అన్న వాదన అక్కడ చెల్లేది కాదు. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ దొడ్డి లేకపోయినా ఆ న్యాయం అందరికీ గుర్తున్నది. ఉమ్మడి తోటలో కుక్క మెడకు గొలుసు కూడా ఇటువంటిదే.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాము. దీని మీద రెండు పక్షాలవారికీ సగం సగమే తెలుసు.

కుక్కలంటే పడనివారు "తోటలోకి కుక్కలు రానే కూడదు" అని సంఘంలో తీర్మానం చేస్తుంటారు. అది చెల్లదు. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలోనే దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఎక్కువమంది ఓటు వేసినా సరే, పెంపుడు జంతువులను పెంచుకోవద్దనే అధికారం నివాసుల సంఘానికి లేదు. లిఫ్టు ఎక్కనీయకపోవడం, మూతికి చిక్కం తప్పదని పట్టుబట్టడం కూడా కుదరదు. తోటలకు, పార్కులకు వేళలు నిర్ణయించుకొని సర్దుకొనవలసినదని అందులో ఉన్నది. మరి కుక్కలవారు ఇంతవరకే చదివి ఆగుతున్నారు. నలుగురు తిరిగే చోట్ల గొలుసుతో పట్టుకొని నడిపించవలసినదని అదే మార్గదర్శకాల్లో యజమానులకు చెప్పిన సంగతి మరచిపోతున్నారు.

అది సలహాయే గదా అని తేలికగా తీసుకొనే వీలు కూడా లేదు. పెంచుకున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పుగాని, తీవ్ర గాయంగాని కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకొనకపోతే అది నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 289వ సెక్షను. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 291వ సెక్షను అయింది. జైలు కాలం అంతే ఉన్నది గాని జుర్మానా అయిదు వేలకు పెరిగింది. కుక్క కరిచిందా లేదా అన్నదానికన్నా, యజమాని జాగ్రత్త పడ్డాడా లేదా అన్నదే ఈ సెక్షను చూస్తుంది.

ఎందుకు అట్లా చూడాలో 2023లో హైదరాబాదులో జరిగిన సంఘటనలే చెబుతాయి. ఆ ఏడాది జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్టుమెంటు మూడో అంతస్తుకు భోజనం పొట్లం అందించడానికి వెళ్ళిన 23 ఏళ్ళ యువకుడు, ఇంట్లోని పెంపుడు కుక్క మీదికి రావడంతో భయపడి పరుగెత్తి, పై నుంచి కిందపడ్డాడు. కొద్ది రోజులకు ఆసుపత్రిలో మరణించాడు. అతని ప్రాణం తీసినది పడిన దెబ్బ. మే నెలలో మణికొండలో సామాను అందించడానికి వెళ్ళిన మరొకతను ఇదే విధంగా మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. ఇవి తోటలో జరిగినవి కావు. కాని రెండుచోట్లా గొలుసు లేని కుక్క, దాని సంగతి తెలియని మనిషి ఎదురుపడడమే కారణం.

అదే ఏడాది ఫిబ్రవరి 19న బాగ్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు కుక్కల దాడిలో మరణించిన సంగతి మన జిల్లావారెవరూ మరవలేరు. ఆ కుటుంబం ఇక్కడి నుంచి పొట్ట చేతపట్టుకొని వెళ్ళినదే. తండ్రిది కాపలా పనే. హైకోర్టు తనంత తానుగా ఆ కేసు చేపట్టింది. అయితే అవి వీధికుక్కలు. పెంపుడు కుక్కల తగాదాలోకి ఆ సంఘటనను లాగి ఒకరినొకరు తిట్టుకోవడం వల్ల ఒరిగేది లేదు. ఒక్క మాట మాత్రం అనవచ్చు. అటువంటి వార్త చెవిన పడిన కాపలావాడి పిల్లవాడికి, పరుగెత్తి వచ్చే కుక్క మెడకు పట్టీ ఉన్నదా లేదా అని చూసే తీరిక ఉండదు.

వీధికుక్కల సంగతి వచ్చింది గనుక, మన రచ్చబండల మీద వినిపిస్తున్న ఒక పొరపాటు కూడా చెప్పాలి. "సుప్రీంకోర్టు కుక్కలన్నిటినీ పట్టుకుపొమ్మన్నది" అని కొందరు, "అన్నిటినీ వదిలేయమన్నది" అని మరికొందరు అంటున్నారు. జరిగినదేమంటే, ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలను ఆశ్రయాలకు తరలించాలని 2025 ఆగస్టు 11న ఒక ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలాలని, పిచ్చి పట్టినవాటిని, మీదపడే వాటిని మాత్రం వదలకూడదని చెప్పింది. తిండి పెట్టేవారు వీధిలో కాక నిర్ణయించిన చోటనే పెట్టాలన్నది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడాప్రాంగణాల నుంచి వీధికుక్కలను తొలగించాలని, అక్కడ తిరిగి వదలకూడదని ఆదేశించింది. ఇందులో ఏదీ పెంపుడు కుక్క గొలుసు గురించి కాదు. ఆ పూచీ ముందునుంచీ యజమానిదే. ఈ ఆదేశాల్లో చంపమని ఎక్కడా లేదు. 2026 జనవరిలో పొరుగున కామారెడ్డి జిల్లాలోను, హనుమకొండ జిల్లాలోను కొన్ని గ్రామాల్లో వీధికుక్కలను చంపించారన్న ఫిర్యాదుల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. సర్పంచులు గమనించవలసిన విషయము.

కుక్కలవారి వైపు కూడా న్యాయం లేకపోలేదు. పరుగుకు పుట్టిన జాతి కుక్కను రెండు గదుల్లో పెట్టి, రోజుకు పావుగంట గొలుసుతో తిప్పితే అది చిరాకు పడుతుంది. చిరాకు పడిన కుక్కే ఎక్కువ ప్రమాదం. అటువంటి కుక్కను అటువంటి ఇంట్లో ఎందుకు తెచ్చుకోవాలన్నది నా వంటివాడికి తట్టే ప్రశ్న. తెచ్చుకున్నాక మాత్రం దానికి పరుగెత్తే జాగా చూపాలి గదా. హైదరాబాదు నగర పాలక సంస్థవారు కొండాపూర్‌లో ఒకప్పుడు చెత్త పోసిన ఎకరం పైచిలుకు స్థలాన్ని బాగుచేయించి, 2018లో కుక్కల కోసమే పార్కు తెరిచారు. అక్కడికి వచ్చేవారందరూ కుక్క ఉంటుందని తెలిసి వచ్చేవారే. గొలుసు విప్పినా ఎవరూ ఉలికిపడరు. అంత పెద్ద నగరానికి అటువంటివి ఎన్ని కావాలో పాలకులు ఆలోచించాలి. అది అయ్యేదాకా ఉమ్మడి తోటలో వేళలు విడదీసుకోవడం ఒక్కటే దారి. తెల్లవారుజామున కంచె మూసి ఒక గంట కుక్కలకు, మిగతా వేళంతా గొలుసు మీదనే అని రాసుకుంటే సగం పోట్లాటలు ఆగుతాయి. కుక్క చేసిన మలం ఎత్తవలసినది యజమాని అని కూడా అందులోనే రాసుకోవాలి. ఇప్పుడది కాపలావాడి పని అవుతున్నది.

మన ఊళ్ళకు కూడా ఈ చిక్కు రావడానికి ఎంతో కాలం పట్టదు. 2020 నుంచి పంచాయతీల్లో పల్లె ప్రకృతి వనాలు వేశారు. కొన్ని ఎండిపోయాయి, కొన్ని బాగానే చెట్లు పట్టాయి. బాగున్న చోట సాయంత్రం పిల్లలు, ముసలివారు చేరుతున్నారు. పట్నం నుంచి పండుగకు వచ్చే పిల్లలు కార్లలో జాతి కుక్కలను వెంట తెస్తున్నారు. ఊరి కుక్కల స్వభావం ఊరికి తెలుసు గాని, ఈ కుక్కలది తెలియదు. వనం గేటు దగ్గర "కుక్కను గొలుసుతోనే తేవలెను" అని తెలుగులో ఒక పలక పెట్టడానికి పంచాయతీకి అయ్యే ఖర్చు ఏపాటి?

కాటు పడితే ఏం చేయాలో కూడా చెప్పాలి. ఎందుకంటే పెంపుడు కుక్క కరిస్తే సూది అక్కరలేదని చాలామంది నమ్ముతున్నారు. గాయాన్ని వెంటనే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టరాదు. టీకా వేసిన కుక్కే అని ఎవరు చెప్పినా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదుల భయం ఇంకా కొందరు పెద్దవారికి పోలేదు. ఆ పాత మందు వాడకం దేశంలో ఎప్పుడో నిలిచిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజుల్లో చర్మంలోకి ఇస్తారు. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ మరొక మందు కూడా వేయవలసి ఉంటుంది. పిచ్చికుక్క వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత బతికి బట్టకట్టడం దాదాపు లేదు. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలని వైద్యులు అంటారు. యజమాని పరారైతే ఎవరు గమనిస్తారు?

మా ఊరి పెద్దమనిషి ఉన్న అపార్టుమెంటులో ఈ మధ్యనే సంఘంవారు తోట గేటుకు పలక తగిలించారు. ఇంగ్లీషులో ఉన్నది. ఏమున్నదో చదివి చెప్పమన్నాడు. చదివాను. కుక్కలను వదలడానికి ఉదయం 6 నుంచి 7, తక్కిన వేళల్లో గొలుసు తప్పనిసరి, మలం యజమానులే ఎత్తాలి. ఇంతవరకు బాగానే ఉన్నది. నాలుగో వరుసలో పనివారి పిల్లలకు తోటలోకి ప్రవేశం లేదు అని రాసి ఉన్నది. అది కూడా చెప్పాను. ఆయన కొంతసేపు ఆ పలక వైపే చూశాడు.

"కుక్కలకైతే ఒక టైం పెట్టిండ్రు. మావోనికి ఏ టైం రాసిండ్రో సూడు తమ్మీ" అన్నాడు.

మళ్ళీ చూశాను. రాయలేదు. మొదటి ఆదివారం సంఘం సమావేశం ఉంటుందట. అధ్యక్షుడు మంచివాడేనని, ఆ రోజు కుర్చీలు వేసేది తానే గనుక అప్పుడు అడిగి చూస్తానని అన్నాడు.