క్వార్టరు గోడ ఎవరిది?

జోధ్‌పూర్‌లో ఉన్నా, సిల్చార్‌లో ఉన్నా, విశాఖపట్నంలో ఉన్నా మన క్వార్టర్ల గోడలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వెలిసిన లేత పసుపు డిస్టెంపరు, ఒక బ్యాంకు క్యాలెండరు, ఒక గడియారం. ఇంకేమైనా పెడదామంటే ఇంట్లో వచ్చే జవాబూ ఒకటే: “ఎలాగూ రెండేళ్ళలో వెళ్ళిపోతాంగా, ఇప్పుడు అదంతా ఎందుకు?”

బదిలీల ఇళ్ళలో పెరుగుతున్న మీరూ, బదిలీల మీద ఊళ్ళు తిరుగుతున్న మేమూ కలిసి ఈ జవాబును ఒప్పుకోకూడదు. నాన్నగారికి రెండేళ్ళంటే ఒక పోస్టింగు. పదేళ్ళ పిల్లకి రెండేళ్ళంటే పుట్టినప్పటి నుంచి గడిచిన కాలంలో అయిదో వంతు. అంత కాలం ఖాళీ గోడల మధ్య, రైల్వే వెయిటింగ్ రూములో కూర్చున్నట్టు ఎందుకు గడపాలి? మన అమ్మమ్మలు వాకిట్లో ముగ్గు వేసేది అది పదికాలాలు ఉంటుందని కాదు. మధ్యాహ్నానికల్లా చెరిగిపోతుందని తెలిసే చుక్కలు పెడతారు, మర్నాడు మళ్ళీ పెడతారు.

డబ్బు మాట నిజమే. కొత్త ఊళ్ళో దిగగానే లారీ కిరాయి, అడ్మిషన్లు, యూనిఫారాలు. పాత కర్టెన్లు కొత్త కిటికీలకు సరిపోయిన ఇల్లు ఇంతవరకూ మనలో ఎవరూ చూసి ఉండరు. ఇంత ఖర్చులో గోడకి బొమ్మ కొనిపెట్టమని అమ్మను అడగడం న్యాయం కాదు. అసలు కొనక్కర్లేదు. కొని అంటించే స్టిక్కర్లయితే ఇంకా నష్టం. ఖాళీ చేసే రోజు అవి డిస్టెంపరు పెచ్చుతో సహా ఊడివస్తాయి, ఆ మరమ్మతు ఖర్చు మన మీదే పడుతుంది.

మహారాష్ట్రలోని పాల్ఘర్ వైపు వార్లీలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, కొస నమిలి మెత్తబరచిన వెదురుపుల్లతో బొమ్మలు వేస్తారు. రెండు త్రిభుజాలు కొస కలిస్తే మనిషి, ఒక గుండ్రం పెడితే తల. ఇంతకన్నా చవకైన రంగులపెట్టె లేదు. మనకి గోడ అలికే వీలు లేదు కాబట్టి సామాను వచ్చిన అట్టపెట్టెను విప్పి, దాని మీద ఎర్రమట్టి పూద్దాం. హిందీ ప్రాంతాల దుకాణాల్లో గేరు అని అడిగితే ఇస్తారు. కొంచెం ఫెవికాల్ కలిపితే చేతికి అంటదు. తెలుపుకి మాత్రం బియ్యప్పిండి వద్దు, వానాకాలంలో బొద్దింకలు మన చిత్రకళను రాత్రికి రాత్రే భోంచేస్తాయి. పోస్టరు కలరు డబ్బా ఒకటి చాలు.

గోడ బొమ్మ గోడనే అంటిపెట్టుకుని ఉండాలన్న నియమం కూడా ఏమీ లేదు. బీహార్‌లోని మధుబని స్త్రీలు తరతరాలుగా ఇంటి గోడల మీదే, ముఖ్యంగా పెళ్ళిగది గోడల మీద, బొమ్మలు వేసేవారు. 1934 భూకంపంలో ఇళ్ళు కూలినప్పుడు నష్టం చూడడానికి వెళ్ళిన విలియం ఆర్చర్ అనే అధికారికి పడిపోయిన గోడల లోపలి వైపున ఆ బొమ్మలు కనిపించాయి. 1966-67 కరువు కాలంలో ఆ స్త్రీలకు నాలుగు డబ్బులు వస్తాయని హస్తకళల బోర్డు తరఫున భాస్కర్ కులకర్ణి కాగితాలు ఇచ్చి వేయమన్నారు. గోడ దిగి కాగితం మీదికి వచ్చాకే మధుబని పేరు ప్రపంచానికి తెలిసింది.

తెలంగాణలోని చేర్యాల పటాలైతే పుట్టుకతోనే ప్రయాణికులు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని చుట్టి చంకన పెట్టుకుని ఊరూరా తిరిగేవారు. ఎక్కడ ఆగితే అక్కడ విప్పి, బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవారు. మనలాంటి వాళ్ళకి ఇంతకన్నా దగ్గరి చుట్టం ఎవరు? వాళ్ళు నూలు బట్టకి గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పూసి గట్టిపరుస్తారు. మనం అమ్మ పాత నూలు చీర ముక్కకి గంజిలో సుద్దపొడి, కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు పూస్తే చాలు. పూత పలచగా ఉండాలి, మందమైతే చుట్టినప్పుడు పగులుతుంది. పైనా కిందా ఒక్కో వెదురుకర్ర కుట్టేస్తే కింది కర్ర బరువుకి బట్ట ముడతలు పడదు. కొత్త మేకు కొట్టే పనీ లేదు. ప్రతి క్వార్టరులోనూ మనకు ముందున్నవాళ్ళు కొట్టి వదిలేసిన మేకు ఒకటైనా ఉంటుంది, లేదంటే కర్టెను రాడ్ ఉండనే ఉంది. బదిలీ ఆర్డరు రాగానే రంగు వైపు బయటికి ఉండేలా చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేయొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఫోనులో చూసి వార్లీ నృత్యాన్ని గీతకి గీత దింపడం మనకెందుకు? వాళ్ళు తమ పొలం, తమ పెళ్ళి, తమ తార్పా వాయిద్యం చుట్టూ ఆడే ఆట వేసుకున్నారు. మనకీ సొంత సంగతులు ఉన్నాయి: లారీలోకి ఎక్కుతున్న ఫ్రిజ్జు, రైలు కిటికీలోంచి చెయ్యి ఊపే స్నేహితులు, ఉదయం అసెంబ్లీలో వరసలు, తవాంగ్ మంచులో రెండు స్వెట్టర్లు వేసుకున్న తమ్ముడు. ఇవి ఏ పటంలోనూ లేవు, మనం వేస్తేనే ఉంటాయి. వంకరగా వచ్చినా సరే. అందంగా రాకపోతే గోడకి పెట్టకూడదని పెద్దవాళ్ళు అంటే వినకండి, ఈ ఒక్కసారికి.

బొమ్మ అయ్యాక వెనక వైపు ఊరి పేరు, సంవత్సరం తెలుగులో రాయండి. రెండో భాషగా హిందీ, మూడో భాషగా ఇంకేదో చదివే మీలో కొందరికి వారం మొత్తం మీద చేత్తో రాసే తెలుగు అదొక్కటే కావచ్చు. బాల్‌పెన్నుతో రాయండి, స్కెచ్‌పెన్ను తేమకి పాకుతుంది.