బడి వదిలినా మోగే ఫోను

వనస్థలిపురంలో బడి బస్సులు వెళ్లిపోయాక టీచర్లకు రెండో షిఫ్టు మొదలవుతుంది: తరగతికో వాట్సాప్ గ్రూపు, పైన మేనేజ్‌మెంటు గ్రూపు. రాత్రి పదిన్నరకు ‘మేడమ్, రేపు ఏ పరీక్ష?’ అంటూ ఓ తల్లి మెసేజీ పెడుతుంది. నీలం టిక్కులు పడ్డాక జవాబు రాకపోతే తెల్లారేసరికి ఫిర్యాదు. ఈ అలవాటు కరోనాతో బడులు మూతపడిన 2020లో బలపడింది. ఆ సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో సర్కారు బడుల పాఠాలు మొదలయ్యాయి. పిల్లలు చూశారో లేదో కనుక్కునే పని టీచర్ల సొంత ఫోన్ల మీద పడింది. అప్పుడది అవసరం, వాళ్లు మనసు పెట్టి చేశారు కూడా. బడులు మళ్లీ తెరుచుకున్నాయి, గ్రూపులు మాత్రం మూతపడలేదు. మెసేజీకి బదులివ్వడం కూడా కష్టమేనా అని అడిగేవాళ్లున్నారు. తల్లిదండ్రులందరూ చూస్తుండగా ఒకరు గ్రూపులో నిలదీస్తే, ఆ మాట దిగమింగి, మర్యాదగా జవాబు రాసి, మర్నాడు అదే పిల్లాడికి అంతే ప్రేమగా లెక్కలు చెప్పాలి. ఈ శ్రమకు జీతం లేదు, సెలవు అంతకన్నా లేదు. పనివేళలు దాటాక ఫోను పక్కన పెట్టే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టంలో ఉంది. ఇక్కడ అంతదాకా ఆగక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటితే గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా ప్రిన్సిపాలే సెట్టింగు మార్చవచ్చు. అత్యవసరమైతే స్కూలు ఆఫీసు నంబరు ఉండనే ఉంది.