తెలుపు మీద తెలుపు

ఐర్లండ్‌లోని టాలా నుంచి కారులో గంట దూరంలో మౌంట్‌మెలిక్ అనే ఊరు ఉంది. 1825 ప్రాంతంలో జొహానా కార్టర్ అనే ఆవిడ అక్కడి ఆడపిల్లలకు ఒక కుట్టు నేర్పారు. తెల్లని దళసరి నూలుగుడ్డ మీద, మెరుపులేని లావుపాటి తెల్లదారంతో కంచెల్లో కాసే బ్లాక్‌బెర్రీలు, అడవిగులాబీలు, ఓక్ ఆకులు. రంగు లేదు కనుక పువ్వు ఉబ్బుగా లేస్తేనే కంటికి ఆనుతుంది. పండు నిండా ముడికుట్లే.

మన మగ్గం పనిది వేరే దారి. స్ప్రింగులా చుట్టిన జర్దోసీ తీగను ముక్కలుగా కత్తిరించి, బోలులోంచి సూది దూర్చి పూసల్లా కుడతారు. నాకైతే ఆ మెరుపు పెళ్లివరకే బాగుంటుంది, తగాదా పడేవాళ్లు ఉత్తరాలు రాయండి!

ఈ సంచికలో రెండు పనులూ ఉన్నాయి. చదివాక బీరువాలోని మగ్గం జాకెట్టు తిరగేసి లోపలి కుట్లు చూడండి. వీలైతే మౌంట్‌మెలిక్ మ్యూజియానికీ వెళ్లిరండి.