నా పేట పేరు చెప్పుకోగలిగే గుడి

పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఆదివారం పూట గుడికి వెళ్తున్నాను. మా వైపు చర్చిని గుడి అనే అంటాం. ఈ సంగతి తెలిసి అంబేద్కరిస్టు మిత్రుడొకాయన, "బాబాసాహెబ్ బుద్ధుడి దగ్గరికి వెళ్తే నువ్వు పాస్టరు దగ్గరికి పోతున్నావా?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లెలో పుట్టాను. ఊళ్లో అరుగు ఎక్కనివ్వని మా తాతను బెంచీ మీద కూర్చోబెట్టి పలక చేతికిచ్చింది మిషన్ బడి. మా వాళ్లు కూటి కోసం మతం మారారని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయితే కరువు పనులు నడిచినంత కాలం క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి ఎగతాళి చేసేవాళ్లు చెప్పరు. ఆ ఉద్యమాన్ని పల్లెపల్లెకూ మోసింది దొర ఒక్కడే కాదు, ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగలు. అది గౌరవం కోసం మనవాళ్లు వేసిన అడుగు.

మరి నేనెందుకు మానేశాను? హైదరాబాదులో మేం వెళ్లే పెద్ద సంఘంలోనే మా అక్క కూతురికి సంబంధం మాట వచ్చింది. పిల్లలిద్దరికీ ఇష్టమే. అబ్బాయి తండ్రి సంఘ పెద్ద, అగ్రకులం నుంచి వచ్చిన కుటుంబం. "ప్రభువులో మనమంతా ఒకటే బ్రదర్. కానీ పెళ్లంటే చుట్టాలకు జవాబు చెప్పుకోవాలి కదా" అన్నాడు. అంతకు ముందు ఆదివారమే ఇద్దరం ఒకే బల్ల దగ్గర మోకరించి రొట్టె తీసుకున్నాం. ఆ తర్వాత నేను ఆ గడప తొక్కలేదు. మతం మారినా కులం వెంటే వచ్చిందని, చదువుకున్న క్రైస్తవులు తమ వాళ్లకు జరిగే అన్యాయంపై నోరు మెదపరని బాబాసాహెబ్ ఎప్పుడో రాశారు. అది చదివాక నా కోపానికి ఆధారం దొరికినట్టయింది.

పోయిన ఏడాది మా అమ్మ చనిపోయింది. సంఘం రిజిస్టరులో ఆమెది ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. స్త్రీల సమాజం వాళ్లు తెల్లవార్లూ కూర్చుని పాటలు పాడారు. పదకొండేళ్లయినా ఒక్క చరణం కూడా మర్చిపోలేదని నాకు ఆ రాత్రే తెలిసింది.

తిరిగొచ్చి గుళ్లు వెతకడం మొదలుపెట్టాను. మొదటిచోట పెద్ద తెరలు, లైట్లు. విశ్వాసం చాలకే పేదరికం వస్తుందన్నారు. జీవితమంతా మిరపకాయలు కోసిన మా అమ్మకు విశ్వాసం తక్కువా? లేచి వచ్చేశాను. రెండోది పాత గుడి, పాటలు బాగుంటాయి. కమిటీ ఎన్నికల్లో మాల ప్యానెల్, మాదిగ ప్యానెల్. "మనవాళ్లే గెలిచారు, వచ్చేయ్" అన్నారు. ఒకడు నన్ను తక్కువ చేశాడని బయటికొచ్చినవాణ్ణి, ఇంకొకడిని తక్కువ చేసే గుంపులో ఎలా కూర్చోను?

మూడోది అద్దె హాల్లో నడిచే చిన్న సంఘం. అరవై మంది ఉంటారేమో. ఆ వారం ఒక పల్లెలో మనవాళ్ల మీద దాడి జరిగింది. అయ్యగారు ఆ ఊరి పేరు చెప్పి, కులం పేరు చెప్పి ప్రార్థన చేశారు. బల్ల మీది రొట్టె చేసి తెచ్చినావిడ మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికురాలు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన "ఏ ఊరు బాబూ?" అన్నాడు. ఊరితో పాటు పేట పేరు కూడా చెప్పాను. "టీ తాగి వెళ్లు" అన్నాడు.

నచ్చిన గుడి కోసం వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పాటలు, ప్రసంగం తర్వాత చూడండి. కమిటీలో ఎవరున్నారు, పెళ్లిళ్లు ఎవరెవరి మధ్య జరుగుతున్నాయి, సమాధుల తోటలో గోడ ఉందా, దాడి జరిగిన వారం ప్రసంగంలో ఏం వినిపించింది, ఇవి ముందు చూడండి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులను మాత్రం చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సి. ఆ మత షరతు తీసేయమని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. మా అమ్మకు రెండు పేర్లు ఉండాల్సి వచ్చింది ఇందుకే. కొట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి కొట్టడు. ఈ మాట వేదిక మీద నుంచి ఎన్ని సంఘాలు అంటున్నాయి?

1985లో కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు చీరాలలో తలదాచుకున్నది చర్చి ఆవరణలోనే. గుడికి ఆ పని చేతనవును. చేయించుకోవాల్సింది మనం. నేను బాబాసాహెబ్‌ను బయట వదిలేసి లోపలికి వెళ్లడం లేదు. ఆయన అడిగిన ప్రశ్నను వెంటబెట్టుకునే వెళ్తున్నాను.

జై భీమ్.