నిదానం

నిదానమంటే తెలుగులో మనం నిత్యం వాడే అర్థం తొందరపాటు లేకపోవడం. సంస్కృతంలో దానికి మూలకారణమని అర్థం. ఆయుర్వేదంలో రోగనిర్ణయానికి ఆ పేరే. మాధవకరుని గ్రంథాన్ని మాధవనిదానమనడం అందువల్లనే. ఈ రెండర్థాలకూ గల చుట్టరికం, ముప్ఫై ఏళ్ళు నిఘంటువులు తిరగవేసిన నాకు, ఒక చిన్న కారు ఆగిపోయిన తరువాత గాని బోధపడలేదు.

2019 వేసవి. మా ఆవిడకు కంటి శుక్లం తీయించి రాజమహేంద్రవరం నుండి కొవ్వూరు తీసుకువస్తున్నాను. గోదావరి మీది రోడ్డు కం రైలు వంతెన నడుమ, మిట్టమధ్యాహ్నం, కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనుక హారన్ల మోత, క్రింద రైలు పోతున్న అదురు, ప్రక్కన పచ్చగుడ్డ కట్టిన కంటితో ఆమె. అరగంట గడిచాక ఏమీ ఎరగనట్టు ఇంజను మళ్ళీ అందుకుంది.

మరునాడు మెకానిక్కు స్కానరు తగిలించి, "పి 0335 వచ్చింది మాస్టారూ, క్రాంకు సెన్సరు పోయింది" అని దాన్ని మార్చాడు. వారం తిరగకుండా మళ్ళీ ఆగింది. ఈసారి పెట్రోలు పంపు మార్చాడు. ఆపైన ఇగ్నిషన్ కాయిలు. 11,400 రూపాయలు వదిలాయి. చివరికి, "ఇక కంప్యూటరే మార్చాలండి" అన్నాడు. ఆ మాట నిజమే అయింది గాని, నిజమని అతనికి తెలియదు. ఊహ గురికి తగలడం వేరు, నిర్ణయం వేరు.

ఆ సంకేతానికి స్కానరు తెర మీద ఉన్న పూర్తి పేరు నేనే చదివాను: క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్. తత్పురుష సమాసంలో ఉత్తరపదం ప్రధానమని ఎనిమిదో తరగతి పిల్లవాడికి చెప్పేవాణ్ణి. ఇక్కడ ప్రధానపదం సర్క్యూట్, అనగా సెన్సరు, దాని తీగలు, దానికి విద్యుత్తు అందించే పెట్టె, అన్నీ కలిసిన వలయం. విశేషణాన్ని పట్టుకొని విశేష్యాన్ని విడిచాడు. చదివి కూడా ఊరకున్న నేనేం తక్కువ?

ఇంజను కంప్యూటరు అనే ఆ పెట్టె, సెన్సర్లు చెప్పే సంగతులను బట్టి పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో నిర్ణయిస్తుంది. మా కారులో క్రాంకు సెన్సరుకూ, మరికొన్నింటికీ 5 వోల్టులు ఆ పెట్టె నుండే అందాలి. క్రాంకు సెన్సరు మూగబోతే ఇంజను తిరుగుతున్న సంగతే పెట్టెకు తెలియదు. ఇక పెట్రోలూ లేదు, నిప్పూ లేదు.

నిడదవోలు రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడని ఎవరో చెబితే వెళ్ళాను. అతడు స్పానరు ముట్టలేదు. చల్లగా ఉన్నప్పుడు అంతా సవ్యంగానే ఉందని చూసి, ఇంటి నుండి జుట్టు ఆరబెట్టుకొనే యంత్రం తెప్పించి పెట్టె మీద వేడిగాలి కొట్టాడు. పది నిమిషాలకు ఇంజను ఆగింది. అప్పుడు మీటరు తీశాడు. సెన్సరు ప్లగ్గులో 5 వోల్టులు లేవు. ఆ వరుసలోని మరొక సెన్సరు షార్టయినా ఇలాగే ఔతుందట. అందుకని ఒక్కొక్కటే ఊడదీసి చూశాడు. వోల్టులు తిరిగి రాలేదు. నడుమ తీగ తెగలేదు. పెట్టెకు బ్యాటరీ నుండి రావలసిన 12 వోల్టులూ వస్తున్నాయి, ఎర్తు గట్టిగా ఉంది. పెట్టె దగ్గరి పిన్నులోనే 5 వోల్టులు లేవు. "ఇప్పుడు చెప్పొచ్చండి, పెట్టెలోనే దోషం" అన్నాడు. తీగల్లో షార్టు ఉంటే క్రొత్త పెట్టె కూడా కాలిపోయే ప్రమాదముంది గనుక ఈ తతంగమంతా తప్పదన్నాడు.

గంటన్నర పనికి 800 అడిగాడు. "ఏమీ మార్చలేదు కదయ్యా, దేనికి?" అన్నాను.

"మూడు మార్చినాయనకి ఇచ్చారు కదండీ" అన్నాడు నవ్వుతూ.

నా అభిప్రాయమిదీ: ఊహించి వస్తువులు మార్చే మెకానిక్కులను తయారుచేసినది మనమే. చేతికి డబ్బా, డబ్బాకు బిల్లు వస్తే మారుమాటాడక వేలు ఇస్తాం. ఆలోచించినందుకు అడిగితే దోపిడీ అంటాం. మీటరుతో గంట కూర్చొన్నవాడికి కూలి దక్కకపోతే వాడు మాత్రం ఎందుకు కూర్చుంటాడు? వాడి పిల్లలూ తినాలి. కూలి కిట్టుబాటు కావాలంటే సెన్సరు అమ్మవలసిందే. పిల్లలకు వ్యాకరణం చెప్పి జీతం పుచ్చుకొన్నవాణ్ణి, చేతికి ఏ వస్తువూ ఇవ్వకుండానే. నేనా ఆ ప్రశ్న అడగవలసినది?

పెట్టె మార్చడం కథలో చిన్న భాగం. పాతదాని మీది నంబరు చివరి అక్షరంతో సహా కలియాలి. ఒకే నమూనా కారులో పెట్టెలు వేరువేరుగా ఉండవచ్చు. తాళంచెవిలోని చిప్పును క్రొత్త పెట్టె గుర్తుపట్టేలా జత చేయాలి, లేకుంటే బండి నడవదు. ఆ పరికరం తనవద్ద లేదని అతడే కంపెనీ వర్కుషాపుకు పంపించాడు. ఆ తరువాత వేసవులలో కారు వంతెన మీద ఆగలేదు.

మొదటి మెకానిక్కు తీసేసిన పాత సెన్సరు డిక్కీలోనే ఉండిపోయింది. ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాను. నిక్షేపంగా ఉంది. ఈసారి ఎంతని అడగకుండానే వంద తీసి ఇచ్చాను, పుచ్చుకోలేదు.