బండి తొట్టికి పూత: సభ్యులకొక మనవి

పంట పండించుట యొక యెత్తు. దానిని చెడకుండ సంతకు చేర్చుట మఱొక యెత్తు. ఈ రెండవ పనికి నేడు మన పల్లెలలో ఎడ్లబండి స్థానమున పికప్పు బండి వచ్చినది. ఎడ్లబండి పలక పుచ్చినచో వడ్రంగి దానిని తీసి వేఱొక పలక వేసెడివాడు. పికప్పు తొట్టి యినుపరేకుతో చేసినది. అది తుప్పుపట్టెనా, అతుకులతో తీరునది కాదు. గుంటూరు యార్డుకు మిరప బస్తాలను, మదనపల్లె సంతకు టమాటా పెట్టెలను మోయు బండియే తిరుగు ప్రయాణమున పొటాషు ఎరువును తెచ్చును. మ్యూరియేటు పొటాషు క్లోరైడు లవణము. రాలిన పలుకులు చెమ్మను చేర్చుకొని రంగు లేచిన చోట రేకును తినివేయును. అప్పుచేసి కొన్న బండికి వాయిదాలు తీరకమునుపే తొట్టి చిల్లులు పడినచో ఆ నష్టమును భరింపవలసినవాడు రైతే.

దీనికి నివారణగా తొట్టిలో పిచికారీ చేయు మందపు పూత అమెరికాలో చిరకాలముగా వాడుకలో నున్నది. మన దేశమునను ఇట్టి పూతలు దొరకుచున్నవి. వీనిలో ఏది మేలని విచారించు సభ్యులకు మా యభిప్రాయ మిది: పూత పేరు రెండవ విషయము; పూతకు ముందు రేకును సిద్ధపఱచు పని మొదటి విషయము.

ముందుగా రకములను తెలిసికొందము. అచ్చుపోసిన ప్లాస్టిక్కు తొట్టిని లోపల అమర్చుట సులభము, చవుక. కాని దాని క్రిందికి నీరు, దుమ్ము చేరును. బండి కుదుపులకు అది రేకుపై రాచుకొని రంగును అరగదీయును. తుప్పు మన కంటికి కనబడకుండ పెరుగును. కుంచెతోగాని రోలరుతోగాని పూయు డబ్బా పూత రెండవది; ఇది పలుచన. మూడవది పిచికారీ పూత. ఇందులో రెండు ద్రవములు తుపాకి మొనయందు కలిసి రేకుపై గట్టిపడును. పాలీయురేథేను, పాలీయూరియా, ఈ రెంటి మిశ్రమము అనునవి దీని భేదములు. పాలీయూరియా పేరు విని పొలమున చల్లు యూరియా యని భ్రమపడరాదు. అది కొన్ని సెకండ్లలోనే గట్టిపడును. చెమ్మవలన దానికి కలుగు చెఱుపు తక్కువ. పాలీయురేథేను చెమ్మ తగిలినచో బుడగలెత్తును. కావున కోస్తా జిల్లాలవారు ఆ పనిని వానకాలమున పెట్టుకొనకుండుట మేలు.

అయితే ఎంత మేలైన పూతయైనను మురికిపై నిలువదు. పాత సున్నపు పెచ్చులను గీకక వేసిన వెల్ల ఎన్నాళ్లుండునో మనమెఱుగుదుము. తొట్టిని కడిగి, నూనె జిడ్డును తీసి, తుప్పును లోహము కనబడువఱకు గీకి, నున్నని రంగును గరుకుకాగితముతో రుద్ది, బాగుగ ఆరనిచ్చి, తగిన ప్రైమరు వేసిన పిదపనే పూత వేయవలెను. నీరు పోవు రంధ్రములను మూసివేయరాదు. తుప్పుమీద పూత వేయుట పుండును కడుగక కట్టు కట్టుట వంటిది. ఈ పూత ఒకసారి అంటుకొన్న పిమ్మట తీయుట మిక్కిలి కష్టము గనుక లోపలి చెఱుపు చాలకాలము బయటపడదు.

రెండవ పరీక్ష మందము. పిచికారీ పూత అడుగున సుమారు 3 మిల్లీమీటర్లుండుట వాడుక. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల అడుగునకు ఆ మందము రావలెనన్న సుమారు 11 లీటర్ల ద్రవ్యము కావలెను. ప్రక్కలకు వేఱుగా కావలెను. 4 లీటర్ల డబ్బాతో తొట్టి యంతయు ముగింతునని చెప్పువాడు మీకిచ్చునది పలుచని రంగే. ఈ లెక్కకు రైతు ఎవరినీ అడుగనక్కఱలేదు.

పట్టాకొక్కెములు, ఇనుపచట్రము మున్నగువాని వెల్డింగు పనులను పూతకు ముందే ముగింపవలెను. పూత వేసిన రేకును వెల్డింగు చేసినచో పూత కాలి విషపు పొగలు వచ్చును. మిక్కిలి గరుకైన పూతపై పెట్టెలు జారవు గాని, బస్తాలను ఈడ్చినచో గోనె చిరుగును. కావున ఎవరి సరకునుబట్టి వారు గరుకును కోరుకొనవలెను. ఆరోమాటికు రకము ఎండకు వెలయును. ఆలిఫాటికు రకము రంగు నిలుపుకొనును గాని వెల యెక్కువ. సరకు మోయు బండికి అందముకంటె బలము ముఖ్యము. రంగు వెలసినంత మాత్రమున పూత చెడినదని తలపరాదు.

పనివాని క్షేమమును మఱవరాదు. ఈ ద్రవములలోని ఐసోసయనేట్లు పీల్చినవారికి ఉబ్బసము కలుగవచ్చును. ఒకసారి ఒంటికి పడకపోయినచో తరువాత కొంచెము సోకినను బాధించును. నోటికి గుడ్డ కట్టుకొని పిచికారీ చేయు కుఱ్ఱవానిని చూచినచోట బేరమాడక తిరిగివచ్చుట ధర్మము. మంచి గాలిని గొట్టముద్వారా అందించు ముసుగు, చేతితొడుగులు, గాలి పోవు ఏర్పాటు గల చోటనే పని చేయింపవలెను. మన తొట్టి రేకు నిలుచుటకు వేఱొకని ఊపిరితిత్తులు చెడనేల?

ఈ పూత అందఱికి అవసరమని మేము చెప్పము. పంటకాలమున నాలుగుసార్లు ధాన్యపు బస్తాలు మోయు బండికి రబ్బరు చాపయు, ఏటేట రంగును చాలును. ఎరువులు, ఇసుక, పెట్టెలు నిత్యము మోయువారికే ఈ వ్యయము తగును. పూత వేసినను ఎరువు దింపిన వెంటనే కడుగుట మానరాదు. పురుగుమందు ఒలికిన తొట్టిలో తినుబండములు వేయరాదు.

ఒంటరిగ బేరమునకు పోయిన రైతు మాట చెల్లదు. పది బండ్లవారు కలిసి పోయిన చెల్లును. కావున పూత కోరు సభ్యులు తమ పేర్లను సంఘమున నమోదు చేసికొని, పూత రకము, మందము, తుప్పు తీయు విధము, ఊడినచో తిరిగి వేయు గడువు, ఈ నాలుగును కాగితముపై వ్రాయించుకొన్న పిమ్మటనే పైకమీయవలెనని మా మనవి. కలిసి కొనుట విత్తనములకును ఎరువులకును మేలుచేసినప్పుడు బండి తొట్టికి మాత్రమేల చేయదు?